తీగెయు దాని బరువును

గోపురమును జూచి చేతులు జోడించువారు పెక్కండ్రు. దాని బరువు మోయు పునాదిరాతిని దలంచువారు కొందఱే. శాస్త్రప్రపంచమునను నిట్లే జరుగుచున్నది. 2012వ సంవత్సరము జూలై 4వ తేదీన జెనీవా నగర సమీపముననున్న సెర్న్ పరిశోధనాలయమువారు హిగ్స్ బోసానుతో సరిపోలు క్రొత్త కణమును గనుగొంటిమని ప్రకటింపగా ఆ వార్త లోకమంతటను వ్యాపించినది. అట్టి కణ మొకటి యుండవలెనని 1964లోనే యూహించిన పీటర్ హిగ్స్, ఫ్రాన్స్వా ఆంగ్లేర్ అను పండితులకు మఱుసటి యేట నోబెల్ బహుమాన మొసగబడినది. ఆ పేరులు మన విద్యార్థులలో ననేకులు వినియుందురు. అయితే ఆ కణము విడిచిన జాడను శోధకయంత్రపు గర్భమునుండి వెలుపలికి గొనివచ్చిన తీగె యే లోహముతో జేయబడినది, అది యంత సన్నముగా నుండుటకు గారణమేమి యని యడుగువా రరుదు.

ఆ తీగె కథ మన హైస్కూలు పిల్లలకు కణము కథకంటె నెక్కువ యుపయోగకరమనియు, దానిని పుస్తకములో జదువుటకంటె చేతితో జేసి తెలిసికొనుట మేలనియు, అందుకొఱకు ప్రయోగశాలకు నేడిచ్చుచున్న కాలముకంటె నధికమైన కాల మీయవలసియున్నదనియు నా యభిప్రాయము. కారణములను వరుసగా విన్నవించెదను.

ముందుగా విషయమును గొంచెము విశదపఱచవలెను. ఫ్రాన్సు, స్విట్జర్లాండు దేశముల సరిహద్దున భూమి లోపల 27 కిలోమీటరుల చుట్టుకొలతగల సొరంగ మొకటి కలదు. అందు ప్రోటానుల గుంపులు రెండు దిశలనుండి పరుగెత్తి వచ్చి, నియమితస్థానములయందు సెకనుకు దాదాపు 4 కోట్ల పర్యాయములు ఒకదాని నొకటి దాటును. ఆ దాటుటలో గొన్ని ప్రోటానులు ఢీకొని, అనేక నూతన కణములుగా జిమ్మబడును. ఆ స్థానములచుట్టును శోధకయంత్రములు కట్టబడినవి. వానిలో సి.ఎం.ఎస్. అనునది 14,000 టన్నులు, అట్లాస్ అనునది 7,000 టన్నులు తూగును.

ఇక్కడనే వింత యున్నది. ఇన్ని వేల టన్నుల యంత్రమును గట్టినవారు, దాని నడుమనున్న వెండ్రుకవంటి తీగె బరువునుగూర్చి సంవత్సరములతరబడి చింతింతురు. ఏలయన ఆ యంత్రమునకు రెండు ధర్మములు గలవు. వెలుపలి భాగము కణమును బట్టి నిలిపి దాని శక్తిని గొలుచును. కావున నది బరువుగా నుండవలెను. లోపలి భాగము కణము నడచిన దారిని మాత్రమే గుర్తించును. కావున నది లేనట్లే యుండవలెను. వాగులో చేప పోవు దారిని జూడగోరువాడు తానే నీటిలో దిగి కలచినచో వానికి చేపయు గనబడదు, దారియు గనబడదు. లోపలి భాగమున సిలికాను పలుచని పొరలుగా నమర్చబడియుండును. కణము వానిని దాటునప్పుడు సూక్ష్మమైన విద్యుత్సంజ్ఞ పుట్టును. ఆ సంజ్ఞను వెలుపలికి గొనిపోవుటకు తీగె కావలెను. ఆ తీగెయే కణమునకు అడ్డు! చూడవచ్చిన కన్నే చూపునకు అడ్డమగుట యిదియే.

ఈ యడ్డును గొలుచుటకు శాస్త్రజ్ఞులు వికిరణ దైర్ఘ్యమను నొక కొలత నేర్పఱచుకొనిరి. మిక్కిలి వేగముగల ఎలక్ట్రాను ఒక పదార్థములో బోవుచు దారిలో శక్తిని గాంతికిరణములుగా వెదజల్లి, తొలుతటి శక్తిలో సుమారు 37 పాళ్లు మాత్రమే నూటికి మిగులువఱకు బోవు దూరమే యా పదార్థపు వికిరణ దైర్ఘ్యము. ఇది రాగిలో 1.43 సెంటీమీటరులు, అల్యూమినియములో 8.9 సెంటీమీటరులు; సిలికానులో 9.4 సెంటీమీటరులు, తీగెలపై బూతగా వాడు పాలీఇమైడు అను పదార్థములో సుమారు 28.6 సెంటీమీటరులు, బెరీలియములో 35 సెంటీమీటరులకు మించును. సీసములో నిది అర సెంటీమీటరుకంటె గొంచె మెక్కువ మాత్రమే. దైర్ఘ్య మెంత తక్కువయైన కణమున కా పదార్థము అంత దట్టమైన యడవి వంటిది. అందు జొచ్చిన కణము పరమాణు కేంద్రకముల నొఱసికొనుచు త్రోవ యించుక యించుక మరలును. నెమ్మదిగా బోవు కణములు మఱియు నెక్కువగా మరలును. త్రోవ మరలినచో అది బయలుదేఱిన చోటును వెనుకకు గుర్తించుట గష్టమగును.

ఇప్పుడు రాగిని అల్యూమినియముతో బోల్చి చూతము. విద్యుత్తును గొనిపోవుటలో రాగియే మేలు. ఒకే పొడవు, ఒకే మందముగల తీగెలలో అల్యూమినియము రాగికంటె సుమారు 1.6 రెట్లు ప్రవాహమును నిరోధించును. కావున రాగితీగె చేయు పనినే చేయుటకు అల్యూమినియపు తీగె అడ్డుకోత 1.6 రెట్లు లావుగా నుండవలెను. "లావైనదానికి లాభమేమి?" యని తోచవచ్చును. లెక్క చూడుడు. ఘనసెంటీమీటరు రాగి 8.96 గ్రాములు, అల్యూమినియము 2.70 గ్రాములు. 1.6 రెట్లు లావైనను అల్యూమినియపు తీగె బరువు రాగితీగె బరువులో సగమునకు లోపుగనే యుండును. వికిరణ దైర్ఘ్యమును బట్టి చూచినచో, అదే పని చేయుచు అది కణమునకు గలిగించు అడ్డు రాగి గలిగించుదానిలో దాదాపు నాలుగవ వంతు మాత్రమే! ఊళ్లనుండి యూళ్లకు స్తంభములపై సాగు పెద్ద విద్యుత్తీగెలను అల్యూమినియముతో జేసి, నడుమ బలమునకై ఉక్కుతీగెను జేర్చుటకు గూడ సగము బరువు లెక్కయే ముఖ్యకారణము. మన చేలపై గాలికి నూగుచున్న తీగెయు, జెనీవా సొరంగములోని తీగెయు నొకే లెక్కకు లోబడినవి.

అయితే సుగుణములన్నియు నొక్కచో నుండవు. అల్యూమినియముపై గాలి సోకగనే పలుచని పొర యేర్పడును. ఆ పొర విద్యుత్తును బోనీయదు, టంకమును అంటనీయదు. రాగితో గలిసినచోట తేమ తగిలినచో అల్యూమినియము తినివేయబడును. పదేపదే వంచినచో విఱుగును. సముద్రపుగాలి వీచు విశాఖపట్టణ ప్రాంతమున విద్యుత్తు పని చేయువారికి ఈ కష్టములు క్రొత్తవి కావు. అతుకు వదులై వేడెక్కి మాడిపోయిన తీగె నెఱుగని పనివాడు లేడు. పండితులు పుస్తకములలో వ్రాసిన యీ సంగతినే ఆ పనివాడు నిచ్చెనపై నిలిచి నేర్చియున్నాడు.

మఱియొక చిక్కు వేగము. నేడు సిద్ధపఱచుచున్న క్రొత్త శోధకములలో నొక్కొక్క తీగెల జంట సెకనుకు 128 కోట్ల అవును-కాదు సంజ్ఞలను గొనిపోవలెను. అంత వేగమున ప్రవాహము తీగె నడుమ బోవదు. పైచర్మమును బట్టియే పోవును. సెకనుకు నూఱుకోట్ల సారులు దిశ మారు ప్రవాహము రాగిలో మిల్లీమీటరులో నయిదువందలవ వంతు లోతునకు మించి చొచ్చుకొని పోజాలదు. కావున తీగె సన్నమైనకొలది సంజ్ఞ క్షీణించును. లావైనకొలది కణమున కడ్డము పెరుగును. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఈ సంకటమునుండి పనివారు కనిపెట్టిన యుపాయములు చూడదగినవి. ప్రవాహము చర్మముననే పోవుచున్నప్పుడు తీగె నడుమ రాగి యేల? నడుమ అల్యూమినియముంచి పైన రాగిపూత వేసినచో బరువు తగ్గును, టంకమును అంటును. సి.ఎం.ఎస్. యంత్రమునకు 2017లో నమర్చిన లోపలి శోధకమునందు ఇట్టి పూత తీగెలనే జంటలుగా మెలిపెట్టి వాడిరి. జంటలో నొక తీగె సంజ్ఞను, రెండవది దాని వ్యతిరేకమును గొనిపోవును. వెలుపలి యలజడి రెంటిని సమానముగా సోకును గాన భేదమును మాత్రము గ్రహించినచో అలజడి తొలగిపోవును. ఆలిస్ అను శోధకమునకు 2021లో నమర్చిన లోపలి మూడు పొరలలో తల వెండ్రుకకంటె బలుచని అల్యూమినియపు రేకును పాలీఇమైడుపై నంటించి దారులుగా మలచిరి. అందొక్కొక్క పొర మొత్తము అడ్డము వికిరణ దైర్ఘ్యములో నూటికి అరపాలునైన జేరదు.

"కాంతితంతువులు వాడరాదా?" యని తెలివిగల విద్యార్థి యడుగవచ్చును. అవి తేలికైనవి, వేగమైనవి, వాడుచునే యున్నారు. అయితే సంజ్ఞను గాంతిగా మార్చు పరికరములు ఢీకొను స్థానమునకు అతిసమీపమున వికిరణపు దెబ్బకు బహుకాలము నిలువవు. అందువలన అట్టి చోట్ల మొదటి కొన్ని మీటరులు లోహపు తీగెయే గతి. ఆ తీగె పూత సంగతియు నట్టిదే. లోకమున మేలైనదని పేరుగన్న టెఫ్లాను వికిరణమునకు పొడిపొడియై రాలిపోవును; పాలీఇమైడు నిలుచును. నెల్లూరుసీమ గూడూరు అభ్రకము ఒకనాడు విద్యుద్యంత్రములలో నవాహకముగా వాడుటకై విదేశములకు బోవుచుండెను. నేడు పెక్కుచోట్ల నిట్టి పలుచని పొరలు దాని స్థానము నాక్రమించినవి.

విద్యుత్తు నందించు తీగెల బరువు తగ్గించుటకును మార్గము గనుగొనిరి. ఒక్కొక్క పలకకు వేఱువేఱు తీగె వేయుటకు మాఱు, పెండ్లిపందిట గట్టు చిన్నదీపముల తోరణమువలె పలకలను వరుసగా గూర్చి, ఒకదానిలోనుండి వచ్చిన ప్రవాహమునే తరువాతిదానికి బంపుదురు. 2030 ప్రాంతమున బని ప్రారంభింపవలసియున్న అట్లాస్, సి.ఎం.ఎస్. నూతన పిక్సెల్ శోధకములు ఈ పద్ధతిననుసరించినవే. పందిటి తోరణములో నొక దీపము పోయిన నన్నియు నారిపోవునుగదా. ఇచట నట్లు జరుగకుండ ప్రతిపలకలోను ప్రవాహమునకు రక్షణమార్గ మేర్పఱచిరి.

విద్యార్థులారా! ఇంతవఱకు జెప్పినదానిలో మీ తరగతి పుస్తకమునకు మించినది మిక్కిలి స్వల్పము. నిరోధము, సాంద్రత, లోహముల తుప్పు, వరుస సంధానము, ఇవియే. ఇవి యన్నియు మీరు చదివినవే. కాని చదివినవాటిని గలిపి యొక ప్రశ్నకు సమాధానము జెప్పుట మీకెవ్వరును నేర్పలేదు. ఇదియే నా ఫిర్యాదు.

మన ప్రాంతమున చాల పాఠశాలలలో ప్రయోగశాల తలుపు పరీక్షల ముందు మాత్రమే తెఱవబడును. ప్రయోగము చేయకయే ఫలితమును వ్రాయుట, స్నేహితుని పుస్తకము జూచి యంకెలు దింపుకొనుట పిల్లలకు దోషముగా దోచుటలేదు. తల్లిదండ్రులు పోటీపరీక్షలలో వచ్చు స్థానమును జూతురుగాని, బిడ్డ తన చేతితో నొక తీగె నిరోధమును గొలిచెనా యని యడుగరు. వారిని నేను నిందింపను. కూలిచేసి, పొలమమ్మి చదివించువారికి తొందర యుండుట సహజము. కాని చేయని ప్రయోగమునకు ఫలితము వ్రాయుట యన్నది అబద్ధ మాడుటయే. బాల్యమున నంకెలయందు గల్ల లాడినవాడు పెద్దవాడై వంతెనకు, ఔషధమునకు, తీగెకు నిజమైన కొలత చెప్పునని యెట్లు నమ్మగలము? పైని జెప్పిన శోధకములో నొక్క అతుకు వదులైనచో, లోపలికి బోయి సరిచేయుటకు యంత్రము నాపి, విప్పి, నెలలతరబడి వేచియుండవలసి వచ్చును. అచట కొలతయే సత్యము.

"ఇది జెనీవావారి సంగతి, మాడుగుల పిల్లలకేల?" అందురేమో. ఆంధ్రులు ఈ విద్యకు పరాయివారు కారు. 1896లో జన్మించి 1969లో గతించిన స్వామి జ్ఞానానందగారు సన్యాసియై యుండియు ప్రేగు, లివర్‌పూల్ నగరములలో భౌతికశాస్త్ర పరిశోధన గావించి, మన విశాఖపట్టణముననే ఆంధ్ర విశ్వకళాపరిషత్తున అణుభౌతిక శాఖకు బ్రాణము పోసిరి. ఆయన 1947లో ప్రకటించిన యాంగ్లగ్రంథము విశ్వసిద్ధాంతములను గూర్చినది కాదు. పాత్రలలోని గాలిని దీసివేసి శూన్యమును గల్పించు పనితనమును గూర్చినది. యోగియైనవాడు పంపులను, అతుకులను, కొలతలను దక్కువగా జూడలేదని గమనింపుడు. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు అణుయంత్రములకు గావలసిన ఎలక్ట్రానిక్ పరికరములు మన దేశముననే తయారు గావలెనని పట్టుబట్టి, 1967లో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. సంస్థను నెలకొల్పిరి. నేడు హైదరాబాదు ఐ.ఐ.టి. వారు జపానునందలి బెల్-2 శోధకపు పనిలో భాగస్వాములు. ఆ యంత్రపు సిలికాను పొరలలో నొకటి ముంబయి టాటా పరిశోధనసంస్థవారు నిర్మించినది. 2017లో మనదేశము సెర్న్ సంస్థయందు సహసభ్యత్వము బొందినది. శ్రీహరికోటనుండి యెగురు ఉపగ్రహములలోను ప్రతి గ్రాము తీగెకు లెక్క యుండును. త్రోవ తెఱచియే యున్నది; నడుచు కాలు కావలెను.

మాడుగులవారికి ఈ విషయమున మఱియొక సంబంధము గలదు. మన కెదుటనున్న తూర్పుకనుమలలో, గాలికొండ, సప్పర్ల, జెర్రెల ప్రాంతముల కొండతలములపై బాక్సైటు గలదు. అల్యూమినియమునకు మూలము అదియే. దానిని ద్రవ్వినచో ఊటలెండునని, అడవి పోవునని, తమ బ్రదుకు చెడునని కొండలలోని గిరిజనులు చాలకాలము పోరాడిరి. 2019లో రాష్ట్రప్రభుత్వము ఆ ప్రాంతపు త్రవ్వకపు అనుమతులను రద్దుచేసినది. లోహము తేలికయే గాని దాని వెల తేలిక కాదు. శోధకపు గర్భమున జేరు అల్యూమినియము పిడికెడో, గంపెడో. దానికై కొండలు కూలవు. కాని ఒక గ్రాము లోహమును వృథాగా వాడరాదని ఆ శాస్త్రజ్ఞులు నేర్చిన నియమమును మన మింటింట నేర్చినచో కొండకును మేలు గలుగును. పాత అల్యూమినియమును గరగించి మరల వాడుటకు, ఖనిజమునుండి క్రొత్తగా దీయుటకు బట్టు శక్తిలో నూటికి సుమారు 5 పాళ్లే చాలును. విఱిగిన గిన్నెను పాతసామానులవాని కిచ్చుటయు నొక శాస్త్రీయకార్యమే.

"ఆకలిగొన్న దేశములో కంటికి గనబడని కణములకై యింత వ్యయమేల?" యను ప్రశ్న న్యాయమైనదే. దానిని ద్రోసిపుచ్చరాదు. నా సమాధాన మిది. 1989లో టిమ్ బెర్నర్స్-లీ అను నాయన ఆ సెర్న్ సంస్థలోనే శాస్త్రజ్ఞులు తమలో తాము కాగితములు పంచుకొనుటకై వెబ్బును గల్పించెను. 1993లో సంస్థవారు దానిని లోకమున కుచితముగా విడిచిరి. నేడు మన పిల్లలు పరీక్షాఫలితములు చూచుకొనుచున్నది దానియందే. కష్టమైన పనికై చేసిన పనిముట్టు సులభమైన పనులకు దానంతట నుపయోగపడును. కాని ఆ పనిముట్టును జేయ నేర్చినవారికే దాని ఫలములో బెద్దపాలు దక్కును. కొనువారికి మిగిలినదే దక్కును. మనము కొనువారముగనే యుండిపోవుదుమా యన్నదే నా భయము.

కావున నేను గోరుచున్నది పెద్ద భవనము కాదు, విలువైన యంత్రమును గాదు. వారమునకొక రెండు గంటలు, ఒక త్రాసు, ఒక అమ్మీటరు, ఒక వోల్టుమీటరు, రెండు ఘటములు, ఒకే మందముగల రాగితీగె పది మీటరులు, అల్యూమినియపు తీగె పది మీటరులు. ప్రతి విద్యార్థియు రెంటిని దూచవలెను. రెంటి నిరోధమును గొలువవలెను. సమాన నిరోధమునకు ఏది యెంత బరువగునో తానే లెక్క గట్టవలెను. వచ్చినయంకె పుస్తకముతో సరిపోనిచో దిద్దరాదు. ఏల సరిపోలేదో వెదకవలెను. తీగెకు మట్టి యంటినదా, అతుకు వదులా, తీగె వేడెక్కినదా? ఆ వెదకుటయే శాస్త్రము. ఉపాధ్యాయులు సరిపోయిన యంకెకు గాక, నిజముగా వ్రాసిన యంకెకు మార్కు లీయవలెను. తల్లిదండ్రులు సాయంకాలము బిడ్డను "ఎన్ని మార్కులు?" అని యడుగుటకు ముందు "ఈ దినమేమి కొలిచితివి?" అని యడుగవలెను.

మన యూరి హల్వా దేశదేశముల బేరుగన్నది. గోధుమపాలు తీసి, నేతిలో గంటలతరబడి కలియబెట్టు చేయి ఎప్పుడు దింపవలెనో యెఱుగును; ఆ యెఱుక యే పుస్తకమునను లేదు. చేతికి గల యట్టి యోపికను కొలతతో జేర్చినచో అదియే ప్రయోగశాల యగును. ఆ యోపిక మనకు బితృదత్తముగా నున్నది. కొలత మాత్రము నేర్చుకొనవలసియున్నది. దాని కిప్పటినుండియే పూనుకొందుము గాక!